తాడిపత్రి గేటు దగ్గరికి బెంగళూరు పార్టీ ఎలా వస్తుంది: సోషల్ మీడియాలో వ్యాపార పరిచయాలు పెంచుకునే పద్ధతి

మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. నాపరాళ్లకు పాలిష్ పెట్టే చిన్న యూనిట్ ఉంది, మా నాన్న మొదలుపెట్టింది. ఆయన కాలంలో కొత్త పార్టీ, అంటే సరుకు కొనేవాడు, రావాలంటే పాత పార్టీ నోటి మాట కావాలి. బళ్లారిలోనో బెంగళూరులోనో ఒక మేస్త్రీ "తాడిపత్రిలో ఫలానా ఆయన దగ్గర సరుకు ఒకే మందంలో వస్తుంది" అని ఎవరికో చెబితే, ఆ మనిషి ఆ మాట పట్టుకుని మా గేటు దాకా వచ్చేవాడు. టీ తాగేవాడు, నాలుగు బండలు వేలితో తట్టి చూసేవాడు, అడ్వాన్సు ఇచ్చి పోయేవాడు.

ఇప్పుడు ఆ మనిషి గేటు దగ్గరికి రాకముందే ఫోన్‌లో మమ్మల్ని చూసేస్తున్నాడు. అయినా అతని మనసులో ఉండే ప్రశ్నలు మాత్రం మారలేదు. ఈయనెవరు? ఈయన్ను ఎరిగినవాళ్లెవరు? సరుకులో తేడా వస్తే ఫోన్ ఎత్తుతాడా? ఈ మూడింటికీ జవాబు మీ ఫోన్ తెర మీద దొరికితే పరిచయం కుదురుతుంది. దొరక్కపోతే ఎన్ని లైకులు వచ్చినా ఆర్డరు రాదు. నేను ఐదారేళ్లుగా చేస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతిని వరుసగా చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా బండలవే అయినా ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లకు, రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లకు, చీనీ తోటలున్న రైతులకు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఫోన్ పక్కన పెట్టి 30 పేర్లు రాయండి

ఏ యాప్ వాడాలన్నది తర్వాతి సంగతి. ముందు ఒక నోటుబుక్కులో, మీకు ఎవరి పరిచయం ఉంటే పని పెరుగుతుందో వాళ్ల పేర్లు 30 రాయండి. పేరు తెలియకపోతే "హిందూపురంలో విల్లాలు కడుతున్న బిల్డరు" అని రాసుకున్నా చాలు. మూడు వరుసలు గీయండి. మొదటి వరుస కొనేవాళ్లది. రెండోది, కొనరు గానీ కొనేవాళ్లకు చెప్పేవాళ్లది. మూడోది మీ పనే చేసే తోటివాళ్లది.

చాలామంది మొదటి వరుస నింపి ఆగిపోతారు. నా అనుభవంలో బలమంతా రెండో వరుసలో ఉంది. మాకైతే అందులో మేస్త్రీలు, ఆర్కిటెక్టులు, ఇంటీరియర్ పని చేసేవాళ్లు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్లు వస్తారు. పట్టుచీరల వాళ్లకైతే పెళ్లి బ్లౌజులు కుట్టే డిజైనర్లు, పెళ్లికూతుళ్లకు మేకప్ చేసేవాళ్లు, పెళ్లి ఫోటోగ్రాఫర్లు. ఒక మేకప్ ఆర్టిస్టు ముహూర్తాల నెలలో ఎంతమంది పెళ్లికూతుళ్లను కలుస్తుందో లెక్క వేసుకోండి. ఆమె "ఈ చీర ఎక్కడ తీసుకున్నారు?" అని అడిగి తెలుసుకుని, ఇంకో ఇంట్లో ఆ పేరు చెబితే చాలు.

మూడో వరుసను పోటీ అనుకుని కొట్టేయకండి. పెద్ద ఆర్డరు వచ్చి మన దగ్గర సరుకు చాలనప్పుడు సాయం చేసేది పక్క యూనిట్ ఆయనే.

రెండో మెట్టు: రెండు చోట్లు ఎంచుకోండి, ఐదు వద్దు

వాట్సాప్ మనల్ని ఎరిగినవాళ్లతో సంబంధం నిలుపుకోవడానికి. లింక్డ్‌ఇన్ మనల్ని ఎరగని కంపెనీవాళ్లకు, ఆర్కిటెక్టులకు, ఉద్యోగాలిచ్చేవాళ్లకు కనిపించడానికి. ఇన్‌స్టాగ్రామ్ కంటితో చూసి కొనే సరుకుకు, అంటే చీర, నగ, తోలుబొమ్మల లాంప్‌షేడ్, ఇంటి లోపలి అలంకరణ వంటివాటికి. ఫేస్‌బుక్ ఊరివాళ్లకు, కాస్త పెద్ద వయసువాళ్లకు, వృత్తుల గ్రూపులకు. యూట్యూబ్‌కు ఓపిక కావాలి. మొదటి సంవత్సరం దాని జోలికి పోకపోయినా నష్టం లేదు.

మీ 30 మందిలో ఎక్కువమంది ఎక్కడున్నారో చూసి వాట్సాప్‌తో పాటు ఇంకొక్కటి తీసుకోండి. నేను వాట్సాప్, లింక్డ్‌ఇన్ పెట్టుకున్నాను. మా చెల్లెలి అత్తగారిది ధర్మవరం, చీరల ఇల్లు. వాళ్లకు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సరిపోయాయి. ఐదు చోట్ల ఖాతాలు తెరిచి నాలుగింట్లో రెండేళ్ల కిందటి ఉగాది శుభాకాంక్షలే చివరి పోస్టుగా ఉంటే, చూసినవాడు షాపు మూసేశారేమో అనుకుంటాడు.

వీటితో పాటు గూగుల్ మ్యాప్‌లో మీ షాపు ఉండాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని ఉంటుంది, ఉచితం. షాపు మీదేనని నిర్ధారించడానికి చాలాసార్లు వీడియో అడుగుతుంది. రోడ్డు, బోర్డు, లోపలి మిషన్లు వరుసగా కనిపించేలా తీస్తే సరిపోతుంది. పరిచయమయ్యాక బయటి ఊరివాడు మొదట వెతికేది దీన్నే.

మూడో మెట్టు: ప్రొఫైల్

ముందు ఫోటో. పువ్వు, దేవుడి పటం, సినిమా హీరో, కంపెనీ లోగో, ఇవేవీ వద్దు. మీ ముఖం కావాలి. ఉదయం ఎనిమిది గంటల వెలుగులో, మీ పనిచోటే నిలబడి, ఎవరితోనైనా ఛాతీ వరకు తీయించుకోండి. దేవుడి పటం పెట్టడం భక్తి అని నాకూ తెలుసు, ఇంట్లో మేమూ పెట్టుకుంటాం. కానీ లక్షల రూపాయల సరుకు పంపమని అడిగేవాడు ముందు మనిషి ముఖం చూడాలనుకుంటాడు.

తర్వాత పేరు కింద ఉండే ఒక్క వాక్యం. లింక్డ్‌ఇన్‌లో దాన్ని హెడ్‌లైన్ అంటారు, 220 అక్షరాల వరకు రాయవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ బయోకు 150 అక్షరాలే. అక్కడ "ప్రొప్రైటర్" అని రాసి వదిలేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నాది మొదట అలాగే ఉండేది. ఇప్పుడు ఇలా మార్చాను: "తాడిపత్రి నల్ల నాపరాయి, పాలిష్ చేసిన బండలు. మెట్లు, వంటింటి అరలు, ఫ్లోరింగ్. బెంగళూరు, చెన్నై సైట్లకు లోడు పంపుతాం." ఇందులో ఏ ఊరు, ఏ సరుకు, దేనికి పనికొస్తుంది, ఎక్కడిదాకా పంపుతాం అన్నవన్నీ ఉన్నాయి. ఉద్యోగం వెతుక్కునే పిల్లలు కూడా "ఫ్రెషర్" అని కాకుండా "సివిల్ డిప్లొమా, ఆటోక్యాడ్, అనంతపురంలో రెండు ఇళ్ల సైట్లలో కొలతల పని చేశాను" అని రాయాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, కొనేవాడు వాడే మాటే మనం రాయాలి. మేము నాపరాయి, బండ అంటాం. బెంగళూరులో, ముంబయిలో దీన్ని "కడప స్టోన్" అంటారు. అదీ పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో. కడప పేరు ఇంగ్లీషు స్పెల్లింగును ప్రభుత్వం 2005లో మార్చినా, రాళ్ల వ్యాపారంలో సీ అక్షరంతో మొదలయ్యే పాత స్పెల్లింగు ఇంకా పోలేదు. నేను రెండు స్పెల్లింగులూ ప్రొఫైల్‌లో రాశాక, వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కనిపించడం మొదలైంది. మీ సరుకును మీ ఊళ్లో ఏమంటారు, కొనే ఊళ్లో ఏమంటారు, రెండూ కనుక్కోండి.

నాలుగో మెట్టు: ఎండు ఫోటో, తడి ఫోటో

దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను. ఎందుకంటే నేను పెద్ద దెబ్బ తిన్నది ఇక్కడే.

పాలిష్ మిషను మీద నీళ్లు పారుతూ ఉంటాయి. అప్పుడే దిగిన నల్లబండ తడిగా, కాటుక నలుపులో, ఆకాశం కనిపించేంత నిగనిగలాడుతుంది. నేను ఆ తడి మీదే ఫోటో తీసి ఒక కాంట్రాక్టరుకు పంపాను. ఆయనకు బాగా నచ్చింది, మెట్లకని లోడు తెప్పించుకున్నాడు. సరుకు దిగిన సాయంత్రం ఫోన్ చేశాడు. "ఏందన్నా, ఫోటోలో నలుపు, ఇక్కడ బూడిద రంగు. వేరే రాయి ఏసినావా?" అన్నాడు. రాయి అదే. నీరు ఆరిపోతే నాపరాయి రంగు తేలిపోతుందని పుట్టినప్పటి నుంచి చూస్తున్న మాకు తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది? చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ లోడులో కొంత డబ్బు తగ్గించుకున్నాం. డబ్బు కంటే ఆ "వేరే రాయి ఏసినావా" అన్న మాట చాలాకాలం బాధపెట్టింది.

అప్పటి నుంచి ప్రతి రకానికీ నాలుగు ఫోటోలు తీస్తున్నాను. ఒకటి పూర్తిగా ఆరాక. రెండోది తడిమీద, "ఇది తడి" అని కిందే రాసి. మూడోది అంచు వైపు నుంచి, టేపు పక్కన పెట్టి, మందం ఎన్ని మిల్లీమీటర్లో కనిపించేలా. నాలుగోది లోపం ఉన్నచోట దగ్గరగా: తెల్లచార, చిన్న గుంత, మూల విరిగిన ముక్క. ఈ నాలుగోది చూసి మా మామ "లోపం మనమే చూపిస్తే ఎవడు కొంటాడ్రా?" అన్నాడు. కానీ ఆర్కిటెక్టులు మమ్మల్ని గుర్తుపెట్టుకున్నది ఆ ఫోటో వల్లనే. "ప్రతి లోడులో ఇలాంటివి కొన్ని వస్తాయి, వాటిని గోడవైపు వేసుకోండి" అని ముందే రాస్తే తర్వాత గొడవ ఉండదు.

చీరలకూ ఇదే లెక్క. ట్యూబ్‌లైటు కింద ఒకటి, పగటి వెలుగులో ఒకటి, కొంగు వెనకవైపు ఒకటి, జరీ దగ్గరగా ఒకటి. అసలు పట్టు అని తెలిపే సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే అదీ కనిపించాలి. ఫిల్టర్లు ఏ సరుకుకూ వద్దు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది. హెచ్‌డీ గుర్తు నొక్కి పంపండి, లేదా డాక్యుమెంటుగా పంపండి. రంగు చూసి కొనే సరుకుకు ఇది చాలా అవసరం.

ఐదో మెట్టు: మొదటి మెసేజ్

కొత్త మనిషికి రాసే మొదటి నాలుగు వాక్యాల మీదే పరిచయం నిలుస్తుంది. నాకు రోజూ వచ్చే మెసేజ్‌లు ఎక్కువగా ఇలా ఉంటాయి: "హాయ్ సార్. మా వద్ద అన్ని రకాల మిషన్ స్పేర్ పార్టులు హోల్‌సేల్ ధరలకు లభించును. ఒక్క అవకాశం ఇవ్వగలరు." ఆయన నా గురించి ఏమీ చూడలేదని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇదే మెసేజ్ వందమందికి పోయింది, నేను నూట ఒకటోవాణ్ని.

నేను రాసే పద్ధతి ఇది. ముందు అవతలి మనిషి చేసిన పని ఒకటి నిజంగా చూస్తాను. ఒక ఆర్కిటెక్టు మేడమ్ యలహంకలో కట్టిన ఇంటి ఫోటోలు పెట్టారనుకోండి, ఇలా రాస్తాను:

"నమస్కారం మేడమ్. మీ యలహంక ఇంటి ఫోటోలు చూశాను. మెట్ల అంచు గుండ్రంగా తిప్పించారు, నాపరాయిలో అలా చేయించడం కష్టం, ఎందుకంటే పొర లేస్తుంది. పని చాలా శుభ్రంగా వచ్చింది. మాది తాడిపత్రి, పాలిషింగ్ యూనిట్. ఎప్పుడైనా ఈ రాయి గురించి సందేహం ఉంటే అడగండి."

రేటు లేదు, కేటలాగ్ లేదు, ఫోన్ చేయమని కూడా లేదు. ఆమె జవాబు ఇస్తే మాట ముందుకు పోతుంది. ఇవ్వకపోతే పది పదిహేను రోజుల తర్వాత ఆమెకు పనికొచ్చే చిన్న సమాచారం ఏదైనా ఉంటే ఒక్కసారి పంపుతాను. ఆ తర్వాత ఆపేస్తాను. మూడోసారి గుర్తు చేస్తే వెంటపడినట్టే. ఆడవాళ్లకు రాసేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రాత్రి పూట మెసేజ్‌లు, ప్రొఫైల్ ఫోటో మీద వ్యాఖ్యలు, "హలో" అని ఒక్క మాట రాసి జవాబు కోసం ఎదురుచూడటం, ఇవి పరిచయాన్ని అక్కడే చంపేస్తాయి.

లింక్డ్‌ఇన్ ఉచిత ఖాతాలో కనెక్షన్ అడుగుతూ నోటు జతచేసే అవకాశం నెలకు కొద్దిమందికే ఉంటుంది, అదీ చిన్న నోటు. కాబట్టి ఆ కొద్దిమందిని మీ 30 పేర్ల జాబితాలోంచే తీయండి.

భాష గురించి ఒక మాట. మన జిల్లాలో చాలామందికి కన్నడ వస్తుంది. బెంగళూరు పార్టీకి మొదటి పలకరింపు కన్నడలో, మిగతాది ఇంగ్లీషులో రాస్తే ఆ ఆప్యాయత వేరు. ఇంగ్లీషు సరిగ్గా రాకపోతే చిన్న వాక్యాలు రాయండి. తప్పులున్నా పర్వాలేదు, కొలతల్లో తప్పు ఉండకూడదు.

ఆరో మెట్టు: ఏం పోస్టు చేయాలి

వారానికి ఒకటి చాలు, కానీ ఆపకూడదు. నేను బుధవారం పెడతాను.

మాకు బాగా పనిచేసినవి మూడు రకాలు. ఒకటి, పని జరిగే తీరు: గని నుంచి వచ్చిన గరుకు బండ, కటింగ్, పాలిష్, లారీలో నిలువుగా పేర్చడం. బండను పడుకోబెట్టి కాకుండా నిలబెట్టి ఎందుకు పంపుతామో చెప్పిన చిన్న వీడియోకు వచ్చినన్ని ప్రశ్నలు ఇంక దేనికీ రాలేదు. మనకు రోజూ చూసేది కాబట్టి మామూలుగా అనిపిస్తుంది, అవతలివాళ్లకు అదే కొత్త. రెండోది, కొనేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నకు జవాబు. "నాపరాయి మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుందా?" పడుతుంది, సున్నపురాయి జాతి కాబట్టి పులుపు దాన్ని తింటుంది. వంటగట్టు పైభాగానికి గ్రానైట్ వేసుకుని, కింది అరలకు నాపరాయి వేసుకోండని రాశాను. మన సరుకు ఎక్కడ పనికిరాదో మనమే చెబితే, ఎక్కడ పనికొస్తుందో చెప్పినప్పుడు నమ్ముతారు. మూడోది, ఇతరుల పని. మన బండలు వేసిన మేస్త్రీ ఫోటో, ఆయన అనుమతి అడిగి, ఆయన పేరుతో పెట్టండి. ఆ పోస్టును ఆయన తనవాళ్లందరికీ పంపుకుంటాడు. ఇంటి యజమాని అనుమతి కూడా తీసుకోవాలి, ఇంటి నంబరు కనిపించకూడదు.

రాజకీయాలు వ్యాపార ఖాతాలో వద్దు. మన ప్రాంతంలో ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

సొంత పోస్టు కంటే ఇతరుల పోస్టు కింద రాసే మంచి వ్యాఖ్య ఎక్కువ పనిచేస్తుంది. రోజూ పది నిమిషాలు మీ 30 మంది ఏం పెట్టారో చూడండి. "సూపర్ అన్నా" అని వదలకుండా, పని తెలిసిన మనిషిగా ఒక వాక్యం రాయండి. అది చదివి ఆ పోస్టు చూసిన మూడోమనిషి మీ ప్రొఫైల్‌కు వస్తాడు.

ఏడో మెట్టు: వాట్సాప్‌ను షాపులా సర్దుకోండి

వాట్సాప్ బిజినెస్ 2018 నుంచి ఉంది, ఉచితం. ఇప్పటికీ చాలామంది మామూలు వాట్సాప్‌లోనే బావమరిది మెసేజ్, బిల్డర్ మెసేజ్ కలిపి చూసుకుంటున్నారు. వ్యాపారానికి వేరే నంబరు తీసుకుని దానిలోకి మారండి.

లేబుళ్లు పెట్టుకోండి: "కొత్త", "రేటు చెప్పాను", "అడ్వాన్సు వచ్చింది", "లోడు పోయింది", "బాకీ". ప్రతి రాత్రి "రేటు చెప్పాను" లేబుల్ తెరిచి చూస్తే ఎవరికి మళ్లీ ఫోన్ చేయాలో తెలుస్తుంది. కేటలాగ్‌లో 500 వస్తువుల వరకు పెట్టవచ్చు కానీ 12 పెట్టినా చాలు, ఎండు ఫోటో మొదట ఉండాలి. క్విక్ రిప్లైలో చిరునామా, బ్యాంకు వివరాలు, లోడింగ్ షరతులు ముందే రాసి ఉంచుకుంటే ఒక్క గుర్తుతో వెళ్లిపోతాయి.

బ్రాడ్‌కాస్ట్ జాబితా అంటే ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే వీలు, అందులో 256 మంది వరకు చేర్చవచ్చు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే కొత్తవాళ్లతో మాట్లాడగానే "నా నంబరు తాడిపత్రి బండలు అని సేవ్ చేసుకోండి" అని అడగండి. నెలకు ఒకటి, గట్టిగా రెండుసార్లు పంపండి. గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపితే మ్యూట్ చేస్తారు, తర్వాత పంపిన రేట్లూ ఎవరూ చూడరు. అడక్కుండా ఎవరినీ గ్రూపులో చేర్చకండి. చేర్చితే వాళ్ల నంబరు ముక్కూముఖం తెలియని వందమందికి ఇచ్చినట్టే.

ఎనిమిదో మెట్టు: "రేటు ఎంత?", ఆపై ఫిర్యాదు

పోస్టు కింద ఎవరైనా "రేటు?" అని అడిగితే "ఇన్‌బాక్స్ చూడండి" అని మాత్రం రాయకండి, దాస్తున్నారనుకుంటారు. "మందం, సైజు, ఒకవైపు పాలిషా రెండు వైపులా అన్నదాన్ని బట్టి మారుతుంది, మీ ఊరు, కొలతలు పంపితే రవాణాతో కలిపి చెబుతాను" అని అక్కడే జవాబివ్వండి. అది చదివి ఇంకో నలుగురు కొలతలతోనే వస్తారు.

ఫిర్యాదు బహిరంగంగా వస్తే టెన్షన్ పడి డిలీట్ చేయకండి. నేను పాటించే వరుస ఇది: గంటలోపు అక్కడే "చూశాను అన్నా, ఇప్పుడే ఫోన్ చేస్తున్నా" అని రాస్తాను. నిజంగా ఫోన్ చేస్తాను. దెబ్బతిన్న బండల ఫోటోలు, దించేటప్పటి వీడియో అడుగుతాను. తప్పు మాదైతే ఒప్పుకుని ఎన్ని బండలు ఎప్పుడు పంపుతామో తేదీతో చెబుతాను. అది పూర్తయ్యాక పోస్టు కిందికి మళ్లీ వచ్చి "14 బండలు మార్చి పంపాం" అని రాస్తాను. దారిలో విరిగినవైతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో ముందే మాట్లాడుకున్న షరతు చూపిస్తాను. గొంతు పెంచను. గూగుల్ రివ్యూలకూ ఇదే పద్ధతి. డబ్బిచ్చి మంచి రివ్యూలు రాయించుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

తొమ్మిదో మెట్టు: మనిషిని కలవండి

ఆన్‌లైన్ పరిచయం రెండు మూడు నెలలు సాగాక ముఖాముఖి కలవాలి. అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైచిలుకే, ఉదయం పోయి రాత్రికి రావచ్చు. నేను మూడు నెలలకోసారి పోతాను. వారం ముందే నలుగురైదుగురికి మెసేజ్ పెడతాను: "వచ్చే గురువారం మీ వైపు వస్తున్నా సార్, పదిహేను నిమిషాలు వీలైతే శాంపిల్ ముక్కలు చూపిస్తా." అరచేతి సైజు ముక్కలు నాలుగు, వెనక మందం రాసిన స్టిక్కర్‌తో ఇచ్చి వస్తాను. వాళ్ల టేబుల్ మీద ఆ ముక్క నెలల తరబడి ఉంటుంది. ఇంటికొచ్చిన రాత్రే "ఈరోజు కలిసినందుకు సంతోషం, మీరడిగిన 25 మిల్లీమీటర్ల బండ సోమవారం ఫోటో పంపుతా" అని రాస్తాను. సోమవారం పంపుతాను. వాళ్లు మన ఊరొస్తే బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి తీసుకుపోండి. పెన్నా ఒడ్డున ఆ గోపురాల రాతిపని చూసిన ఏ ఆర్కిటెక్టూ తాడిపత్రిని మరచిపోడు.

ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు

అనంతపురం జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మొదలైంది, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981 నుంచి ఉంది. అంటే మీ సీనియర్లు దేశం నిండా ఉన్నారు. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిచి అలుమ్నై (పూర్వ విద్యార్థులు) అన్నచోట నొక్కండి. ఎవరు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారో వడపోసి చూడవచ్చు. పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీలోనో దాని విడిభాగాల కంపెనీల్లోనో చేరాలనుకుంటే, అక్కడ మీ కాలేజీవాళ్లు ఎవరున్నారో పది నిమిషాల్లో తెలుస్తుంది.

దొరికాక "అన్నా, జాబ్ ఇప్పించన్నా" అని మొదలుపెట్టకండి. ఆయన చేతిలో ఉద్యోగం ఉండదు, ఇబ్బందిపడి ఊరుకుంటాడు. "అన్నా నమస్తే, నేను మన కాలేజీలో మెకానికల్ ఫైనలియర్. మీరు క్వాలిటీ విభాగంలో చేస్తున్నారని చూశాను. ఆ పనికి కాలేజీలో నేర్పనిది ఏం నేర్చుకోవాలో రెండు మాటలు చెబుతారా?" అని అడగండి. జవాబిచ్చే ప్రశ్న ఇది. ఆయన చెప్పింది నేర్చుకుని, నెల తర్వాత "మీరు చెప్పినట్టు చేశాను అన్నా" అని రాయండి. ఆ రెండో మెసేజ్ రాసేవాళ్లు చాలా తక్కువ. ఆయనకు ఖాళీ తెలిసినప్పుడు గుర్తొచ్చేది వాళ్లే.

ఉద్యోగం కోసం డిపాజిట్ కట్టమన్నా, ట్రైనింగ్ ఫీజు అడిగినా అది మోసమే. తల్లిదండ్రులకు వెంటనే చెప్పండి.

పదో మెట్టు: మోసాలు

వ్యాపారులకు ఎక్కువగా వచ్చేది ఇది: ఎవరో సైన్యంలో అధికారినంటూ ఐడీ కార్డు ఫోటో పంపుతాడు. బేరమే ఆడకుండా పెద్ద ఆర్డరు ఇస్తాడు. డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటాడు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతోందని అర్థం. షాపులో లెక్కలు చూసే పిల్లలకు, ఇంట్లో ఆడవాళ్లకు కూడా ఈ ఒక్క ముక్క నేర్పండి. పెళ్లి పత్రిక పేరుతోనో బ్యాంకు పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లోకి యాప్ ఎక్కించేవి) తెరవకండి. "పేమెంట్ చేశాను" అంటూ పంపిన స్క్రీన్‌షాట్ చూసి లోడు వదలకండి, ఖాతాలో పడ్డాకే లారీ కదలాలి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఈరోజే పెట్టుకోండి, ఆరంకెల పిన్ అడుగుతుంది. ఎవరికీ చెప్పకండి.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరి పని: ఎవరు చెప్పారు?

మొదట రాసిన నోటుబుక్కును పక్కన పడేయకండి. కొత్తగా ఎవరు ఫోన్ చేసినా "మా గురించి మీకెలా తెలిసిందన్నా?" అని అడిగి, తేదీ, ఊరు, వాళ్లు చెప్పిన జవాబు రాసుకోండి. నెలాఖరున లైకులు, ఫాలోవర్లు లెక్కపెట్టడం కంటే ఈ పేజీ చదవడం మేలు. ఏ పోస్టు నుంచి ఒక్కరూ రాలేదో అలాంటివి మానేయండి. ఎవరి పేరు పదేపదే వస్తోందో చూడండి.

మా పుస్తకంలో పోయిన సంవత్సరం ఒకే పేరు ఏడుసార్లు వచ్చింది. హోసూరులో ఉండే మన జిల్లా మేస్త్రీ ఒకాయన. మా దగ్గర ఒక్క బండ కూడా ఆయన కొనలేదు. రెండేళ్ల కిందట ఆయన వేసిన మెట్ల ఫోటో ఆయన పేరుతో పెట్టాను, అంతే. పేజీ తిరగేస్తూ ఆ పేరు చూసిన మా నాన్న, దసరా పండక్కి తనే బస్సెక్కి హోసూరు పోయి ఆయన ఇంట్లో భోంచేసి వచ్చాడు.